పచ్చిక అంచున ఒక జీవనోపాధి

‘ఉద్యోగం పురుషలక్షణం’ అని మన పెద్దలు అన్నారు. ఆ మాటలోని ఉద్యోగమునకు మొదటి అర్థము పరుల కొలువు కాదు, పూనిక, ప్రయత్నము. పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతములలో పెరిగిన మనము ఈ భేదమును గుర్తుంచుకొనుట మంచిది. 1960లలో రామచంద్రాపురమున బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారము, 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వెలసినవి. పిదప ఎన్నో పరిశ్రమలు వచ్చినవి. అయినను చదువు ముగించిన మన మిత్రులలో అనేకులు నేటికిని కర్మాగారపు గేటు ముందు దరఖాస్తు పట్టుకొని నిలుచుచున్నారు. ఆ గేటు లోపలి పచ్చికబయలు అంచున కూడ ఒక జీవనోపాధి కలదని తెలుపుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

పచ్చిక పూలమడిలోనికి పాకకుండను, మడిలోని మట్టి వానకు బాటమీదికి కొట్టుకొని రాకుండను హద్దుగా కట్టు చిన్న గట్టునే తోట అంచు అందుము. మన ప్రాంతమున తాండూరు బండలను నిలువుగా పాతుట, ఇటుకలను ఏటవాలుగా పేర్చుట చిరకాలముగా ఉన్నవే. అచ్చులలో ముందుగా పోసిన కాంక్రీటు ముక్కలు మరియొక విధము, వీటికి ఐ.ఎస్. 5758 అను భారతీయ ప్రమాణము కలదు. అమెరికా, ఆస్ట్రేలియాలలో బాగుగా వ్యాపించిన పద్ధతి వేరు. అందు ఒక చిన్న యంత్రము గట్టి కాంక్రీటును అచ్చుగుండ వెనుకకు నెట్టుచు, ఆ ప్రతిబలముతో తాను ముందుకు జరుగుచు, అతుకు లేని అంచును పోయును. తిన్నని గీతయందు బండలే చౌక. వంపులు తిరిగిన మడులయందు యంత్రమే మేలు. ఏ పనికి ఏది తగునో నిజాయితీగా చెప్పగలవాని మాటకే గిరాకి యుండును.

గిరాకి ఎచ్చట? పెద్ద పరిశ్రమలకు పర్యావరణ అనుమతి నిచ్చునపుడు సాధారణముగా స్థలములో కొంత భాగము పచ్చదనమునకు విడువవలెనను షరతు విధింతురు. 2008లో స్థాపితమైన హైదరాబాదు ఐ.ఐ.టి. ప్రాంగణము కందిలో ఉన్నది. తెల్లాపూర్, కొల్లూరు, అమీన్‌పూర్‌లలో నివాస సముదాయములు పెరుగుచున్నవి. ఇవన్నియు తోటలు గలవే.

ఇక పని విధానము. మొదటి పరీక్ష నేల. ఇక్రిశాట్ ప్రాంగణములోనే ఎర్రనేల, నల్లరేగడి రెండును కలవు. మన ప్రాంతమంతటను ఇట్లే ఒక ఊరిలోనే నేల మారును. నల్లరేగడి వానకు ఉబ్బును, ఎండకు నెరవిచ్చును. దానిపై నేరుగా పోసిన అంచు ఎంత అందమైనదైనను మరు వేసవికి పగులును. కావున రేగడిని త్రవ్వి తీసి, మొరము నింపి, తడిపి, దిమ్మిసతో గట్టిపరచవలెను.

రెండవ పరీక్ష నీరు. నక్కవాగు పరిసరములలో పారిశ్రామిక వ్యర్థజలముల వలన భూగర్భజలము చెడిన చరిత్ర మనకు తెలిసినదే. కాంక్రీటు నీటి పి.హెచ్. విలువ 6కు తగ్గరాదని ఐ.ఎస్. 456 ప్రమాణము చెప్పుచున్నది. క్రొత్త బోరు నీటిని పరీక్షింపక వాడరాదు. యంత్రమునకు కాంక్రీటు పొడిపొడిగా ఉండవలెను. పిడికిట పట్టిన ముద్ద నిలువవలెను, వ్రేళ్ళ సందున నీరు కారరాదు. రంగునకు ఐరన్ ఆక్సైడు పొడి ఎండకు వెలవక నిలుచును. సిమెంటు బరువులో 10 శాతము మించిన బలము తగ్గును.

మూడవది ఓపిక. కాంక్రీటు ఎండుచు కుంచించుకొనును. సుమారు మీటరుకొక చోట, మందములో మూడవ వంతు లోతున, పచ్చిగా ఉన్నపుడే గాడి తీసినచో పగులు ఆ గాడిలోనే దాగును. గట్టిపడిన పిదప పొడిగా కోసినచో లేచు సిలికా ధూళి పనివాని ఊపిరితిత్తులను చెరచును. తడి సిమెంటు చర్మమును కాల్చును; రబ్బరు తొడుగులు, బూట్లు పనివానికి ఇచ్చి తీరవలెను. మామూలు సిమెంటు అంచుకు కనీసము 7 దినములు, ఎండ తీవ్రమైనపుడు 10 దినములు, మిశ్రమ సిమెంటైనచో అట్టి ఎండలో 14 దినములు తడి ఆరకుండ గోనెపట్టాలు కప్పి నీరు పట్టవలెను.

ఇప్పుడొక లెక్క. 15 సెం.మీ. వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు గల అంచును 100 మీటర్లు పోయుటకు మేము లెక్క వేసి చూచితిమి. కాంక్రీటు ఒకటిన్నర ఘనపు మీటర్లు పట్టును. ఘనపు మీటరుకు 350 కిలోల సిమెంటు చొప్పున 525 కిలోలు, అనగా పదిన్నర బస్తాలు. మొత్తము బరువు సుమారు మూడున్నర టన్నులు. రంగు 5 శాతమైనచో 26 కిలోలు. నేల రేగడి యైనచో 20 సెం.మీ. వెడల్పు, 15 సెం.మీ. లోతున కాలువ త్రవ్వవలెను. అది మూడు ఘనపు మీటర్లు! అంత మట్టి బయటికి పోవలెను, అంత మొరము లోనికి రావలెను. కనిపించు పని ఒకటిన్నర, కనిపించని పని మూడు. కనిపించుదానికే ధర కట్టినవాడు నష్టపోవును, లేదా కనిపించనిదానిని ఎగవేయును. ఈ వృత్తిలో నష్టమునకును, మోసమునకును మూలము ఈ ఒక్క తప్పు లెక్కయే.

అందుచేత యంత్రముతో మొదలుపెట్టవద్దు. ఇంటివారి పొదుపు సొమ్మును, అమ్మగారి నగలను యంత్రముపై పెట్టుటకు ముందు ఎర్రనేలపై పది మీటర్లు, రేగడిపై పది మీటర్లు సొంత ఖర్చుతో పోసి ఒక వాన, ఒక వేసవి గడువనిండు. ఈలోగా అచ్చులతో ముక్కలు పోసి అమ్మవచ్చును. మంచి తాపీ మేస్త్రీ వద్ద చేతిపని నేర్వవచ్చును. పని నిలకడ పొందిన పిదప యంత్రము, ఆపైన రెండవ జట్టు, బాటల ఇటుకల తయారీ. ఎదుగుదలకు ఇదియే క్రమము.

పెట్టుబడికై 2008లో మొదలైన ప్రధానమంత్రి ఉపాధి కల్పనా పథకమున 2022 నాటి నియమముల ప్రకారము మైనారిటీ అభ్యర్థి వాటా 5 శాతము. రాయితీ పట్టణమున 25, గ్రామమున 35 శాతము. దరఖాస్తు నాటి నిబంధనలను జిల్లా పరిశ్రమల కేంద్రమున విచారింపవలెను. బాకీల విషయమున 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టము చెల్లింపు గడువు 45 దినములు మించరాదన్నది. అయినను చట్టము చివరి ఆయుధము. మొదటిది వ్రాతపూర్వక ఒప్పందము. కొలత, రంగు, మొరము లోతు, నీరు పట్టువారెవరు, బయానా ఎంత అనునవి అందు స్పష్టముగా ఉండవలెను.

పని అప్పగించిన యజమాని మొరము లోతును కొలిచి చూడడు. అది అతడు మన చేతిలో పెట్టిన అమానత్. దానిని కాపాడినవాని అంచు పది వానలకు నిలుచును. ఆ అంచే అతనికి మరియొక గేటు తెరచును. మిత్రులారా, దరఖాస్తు పట్టుకొనిన చేతులు తాపీ పట్టుటకు సంకోచింపనవసరము లేదు. లెక్క తప్పకుండుటయే ముఖ్యము.