గడ్డి మీద కొలువుదీరిన న్యాయం

1994 నరమేధం ముగిశాక రువాండాలో చంపినవాళ్లూ, ప్రాణాలతో మిగిలినవాళ్లూ ఒకే ఊళ్లో బతకాల్సి వచ్చింది. తీర్పు చెప్పడానికి చాలినంతమంది జడ్జీలు లేరు. అప్పుడు ఆ దేశం ఊరినే న్యాయస్థానంగా మార్చింది.

వారంలో ఒకరోజు పొద్దున దుకాణాలు తెరిచేవారు కాదు. పొలం పనులు ఆగిపోయేవి. ఊరు ఊరంతా చెట్టు కిందకో, కొండవాలు గడ్డి మీదకో చేరేది. చనిపోయినవారి కోసం నిమిషం మౌనం. ఆ తర్వాత గులాబీ రంగు జైలు దుస్తుల్లో ఉన్న మనిషి లేచి నిలబడేవాడు. ఎదురుగా బల్ల మీద కూర్చున్నది నల్లకోటు జడ్జీలు కాదు, ఆ ఊరి రైతులు, టీచర్లు, ఇల్లాళ్లు. నిందితుడు వాళ్లకు తెలుసు. అతని చేతిలో పోయిన మనిషీ తెలుసు.

దీని పేరు గచాచా. గడ్డిని సూచించే కిన్యరువాండా భాషా పదం నుంచి వచ్చింది.

ఖాళీ కోర్టులు, కిక్కిరిసిన జైళ్లు

1994 ఏప్రిల్ 6న అధ్యక్షుడు హబ్యారిమానా విమానం కూలింది. మర్నాటి నుంచి దాదాపు 100 రోజులు మారణకాండ సాగింది. 8 లక్షల నుంచి 10 లక్షల మంది బలయ్యారని అంచనా. అత్యధికులు టుట్సీ తెగవారు, వారితోపాటు హత్యలను ఎదిరించిన హుటూ తెగవారు. జూలైలో తిరుగుబాటు దళం రువాండా పేట్రియాటిక్ ఫ్రంట్ గెలిచి అధికారం చేపట్టేసరికి జడ్జీలు, లాయర్లలో చాలామంది చనిపోయారు, లేదా దేశం విడిచిపోయారు. అరెస్టులు మాత్రం వేలల్లో సాగాయి. 400 మంది కోసం కట్టిన గితరామా జైల్లో 1995లో దాదాపు 7,000 మందిని కుక్కారు. 90ల చివరికి దేశమంతటా ఖైదీలు లక్షా 20 వేలు దాటారు.

ఐక్యరాజ్యసమితి టాంజానియాలోని అరూషాలో ట్రైబ్యునల్ పెట్టింది. 1998లో జాన్ పాల్ అకయేసు అనే నిందితుడి కేసులో అత్యాచారం కూడా జాతి నిర్మూలన చర్యేనని అది ఇచ్చిన తీర్పు చరిత్రాత్మకం. కానీ 2015లో మూతపడేదాకా అది అభియోగాలు మోపింది 93 మంది మీదే. ఇక రువాండా సొంత కోర్టులు పదేళ్లలో తేల్చినవి దాదాపు 10 వేల కేసులు. ఆ లెక్కన అందరి విచారణ ముగియడానికి వందేళ్లు పట్టేది.

పొరుగువాడే సాక్షి, పొరుగువాడే జడ్జి

2001లో గచాచా చట్టం వచ్చింది. ఊళ్లలో తగవులు తీర్చిన పాత పద్ధతికి జైలు శిక్ష వేసే అధికారం తోడైంది. 'ఇన్యంగముగాయో', అంటే నీతిమంతులు, అనిపించుకున్నవాళ్లను ప్రజలే జడ్జీలుగా ఎన్నుకున్నారు. వాళ్లకు జీతం లేదు. దాదాపు 12,000 గచాచాలు 2012 జూన్‌లో ముగిసేనాటికి 19 లక్షలకు పైగా కేసులు తేల్చాయి. వాటిలో ఎక్కువ భాగం లూటీ, ఆస్తి నష్టం కేసులే.

నేరం ఒప్పుకుని, తోడున్నవాళ్ల పేర్లు చెప్పి, శవం ఎక్కడ ఉందో చూపిస్తే శిక్ష తగ్గేది. కొంతకాలం జైలుకు బదులు రోడ్లు వేయడం, ఇళ్లు కట్టడం లాంటి సమాజసేవ చేసే వీలుండేది. చాలా కుటుంబాలకు ఆఖరి కబురు అందింది ఇలాగే. ఎక్కడ పూడ్చారో తెలిశాక తవ్వి తీసి, మర్యాదగా మళ్లీ ఖననం చేసుకున్నారు. పోయినవారి ఎముకలు ఇంటికి చేరడం కూడా న్యాయమే. ఆ మాట నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

చోటు దొరకని శోకం

అయినా గచాచాను నెత్తిన పెట్టుకుని ఊరేగలేం. నిందితుడి పక్కన లాయర్ ఉండేవాడు కాదు. పాత కక్షలు తప్పుడు ఆరోపణలయ్యాయి. నోరు విప్పిన సాక్షుల్లో కొందరు హత్యకు గురయ్యారు. అన్నిటికన్నా పెద్ద లోపం మరొకటి. గెలిచిన సైన్యం, అంటే రువాండా పేట్రియాటిక్ ఫ్రంట్, చేసిన హత్యలను విచారించే వీలు గచాచాకు లేకపోయింది.

ఈలోగా వృత్తి న్యాయవ్యవస్థ కూడా మెల్లగా లేచింది. 2004 సంస్కరణలతో జడ్జీలకు న్యాయపట్టా తప్పనిసరైంది. ఊళ్లలో భూమి తగవులు తీర్చడానికి 'అబుంజి' మధ్యవర్తులు వచ్చారు. 1998లో 22 మందిని జనం ఎదుటే కాల్చి చంపిన దేశం 2007లో మరణశిక్షను రద్దు చేసింది.

కోర్టు భవనం లేకున్నా, చదువుకున్న జడ్జి లేకున్నా న్యాయం మొదలుపెట్టవచ్చని రువాండా చూపింది. కొందరి ఏడుపు వినని చోట అది సగంలోనే ఆగిపోతుందని కూడా చూపింది. గెలిచినవాళ్ల తుపాకులకు బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులకూ ఆ గడ్డి మీద కాస్త చోటు ఉండాల్సింది.