సెల్‌ఫోనులో మెమరీ లీకు

ఒక విద్యార్థి ఉపకారవేతనమునకై సెల్‌ఫోనులో దరఖాస్తు నింపుచున్నాడనుకొందము. సగము నింపిన పిమ్మట ఒక పుస్తకము వివరములకై వేరొక ఆప్‌ను తెరచి, నాలుగైదుసార్లు వెదకి, తిరిగి వచ్చును. చూడగా అంతవరకు నింపిన గళ్ళన్నియు ఖాళీ! ఫోను పాతబడినదని అతడు సరిపెట్టుకొనును. కాని దోషము ఫోనుది కాకపోవచ్చును; వెదకుటకై తెరచిన ఆ రెండవ ఆప్‌ది కావచ్చును.

ఫోనులో పనిచేయు ప్రోగ్రాములన్నియు ఒకే మెమరీని పంచుకొనవలెను. ఒకటి అమితముగా ఆక్రమించినచో, ఆండ్రాయిడ్ వ్యవస్థ తెరవెనుకనున్న ప్రోగ్రాములను మూసివేసి చోటు కల్పించును. భద్రపరచని సమాచారము వానితోపాటు పోవును. ఇట్టి ఆక్రమణకు గల కారణములలో మెమరీ లీకు ఒకటి. ఈ పేరు కొంత పెడదారి పట్టించునదే. చిల్లికుండలోని నీటివలె ఇందేదియు కారిపోదు. అవసరము తీరిన సమాచారము చోటు విడువక కూర్చుండుటయే లీకు.

పెండ్లిలో పంక్తిభోజనమును తలచుకొనుడు. తిని లేచినవారి విస్తరాకులను తీయుటకు ఒక మనిషి యుండును. పీటపై ఎవరును లేనిచో ఆకు తీసివేయును. కాని ఒకరు లేచిపోవుచు తమ ఉత్తరీయమును పీటపైననే మరచిపోయిరి. ఆకు తీయువాడేమి చేయగలడు? వారు మరల వత్తురేమోయని ఆ ఆకును ముట్టడు. అతని జాగ్రత్త సబబైనదే. తినుచున్నవారి ఆకు లాగివేయుటకంటె ఇది మేలు గదా!

కంప్యూటరులోను ఇట్టి మనిషి గలడు. అమెరికను శాస్త్రజ్ఞుడు జాన్ మెకార్తీ 1960లో ప్రచురించిన వ్యాసమున ఈ పద్ధతిని వివరించెను. ప్రోగ్రాము ప్రస్తుతము వాడుచున్న మూలస్థానములనుండి బయలుదేరి, ఒకదానినుండి మరియొకదానికి గల సూచికలవెంట పోవలెను. చేరగలిగిన సమాచారమంతయు సజీవము, చేరలేనిదంతయు చెత్త. ఆండ్రాయిడ్‌లో నేటికిని ఈ సూత్రమే ఆధారము. చిక్కేమనగా, చేరగలుగుట వేరు, అవసరముండుట వేరు. మరచిన ఉత్తరీయమువంటి సూచిక ఒక్కటి మిగిలినను, మృతమైన పుట సజీవమువలె కనబడును.

ఇక వెదకు పుటకు వత్తము. దీనికి ఈ జబ్బు తేలికగా పట్టును. గడిలో ‘గోదావరి’ అని వ్రాయుటకు గుణింతపు గుర్తులతో కలిసి ఏడు సంకేతములు కావలెను. ప్రతి సంకేతమునకును సర్వరునకు ఒక ప్రశ్న పంపునట్లు ఆప్ వ్రాయబడినచో, ఒక్క మాటకు ఏడు ప్రశ్నలు. ప్రతి ప్రశ్నయు “జవాబు రాగానే ఈ పుటకు అందింపుము” అను చీటీతో పోవును. ఆ చీటీయే సూచిక. వాడువాడు విసిగి పుటను మూసివేసినను, జవాబు వచ్చువరకు పుట మెమరీలోనే యుండును. ఇది తాత్కాలికము. వెనుకటి వెదకులాటలను దాచు భాగము ఆప్ ఉన్నంతకాలముండును. పుట తెరచునపుడు “మార్పులు జరిగిన నాకు తెలుపుము” అని దానియొద్ద పేరు నమోదు చేసికొని, మూయునపుడు కొట్టివేయనిచో, ఆ పుట ఆప్ నడచునంతకాలము పోదు.

లెక్క చూడుడు. వేయి చుక్కల పొడవు, వేయి చుక్కల వెడల్పు గల బొమ్మలో 10 లక్షల చుక్కలు. చుక్కకు 4 బైట్ల చొప్పున 40 లక్షల బైట్లు. ఫలితములలో అట్టివి 5 ఉన్నచో 2 కోట్లు, అనగా 20 మెగాబైట్లు. ఫోనును అడ్డముగా త్రిప్పినపుడు ఆండ్రాయిడ్ మామూలుగా పాత పుటను రద్దుచేసి క్రొత్తదానిని నిర్మించును. నమోదు కొట్టివేయనిచో పదిసార్లు త్రిప్పునప్పటికి పది పాత పుటలు, 200 మెగాబైట్లు!

చికిత్స సులభమే. నమోదు చేసికొన్నచోటికి జోడుగా కొట్టివేయుచోటు నుండవలెను. పుట మూసినపుడు జవాబు రాని ప్రశ్నలను రద్దుచేయవలెను. వ్రాయుట క్షణకాలము ఆగిన పిమ్మటనే ప్రశ్న పంపుట మంచిదే గాని, అది ప్రశ్నల సంఖ్యను తగ్గించును, లీకును మాన్పదు. కొందరు ఆప్‌నకు ఎక్కువ మెమరీ కేటాయింపుమని వ్యవస్థను కోరుదురు. చెత్త తీయక ఇల్లు పెద్దది కట్టించుట వంటిదది!

ఐఫోనులో పద్ధతి వేరు. అచట ప్రతి వస్తువును ఎందరు పట్టుకొనియున్నారో లెక్క యుండును. లెక్క సున్న కాగానే అది పోవును. పుట ఒక పనిని, ఆ పని తిరిగి పుటను పట్టుకొన్నచో, “నీవు వదలిన నేను వదలెదను” అన్నట్లు రెండును నిలిచిపోవును. అందుచేత ఒక వైపు సూచికను లెక్కకు రాని బలహీన సూచికగా వ్రాయుదురు.

దోషమెచటనున్నదో కనిపెట్టుటకు ఆండ్రాయిడ్‌లో 2015లో వెలువడిన లీక్‌కెనరీ అను సాధనము గలదు. ఒకప్పుడు బొగ్గుగనులలో విషవాయువును ముందుగా తెలుపుచుండిన కెనరీ పిట్టపేరు దీనికి పెట్టిరి. మూసిన పుట 5 సెకండ్ల పిమ్మటను పోనిచో ఇది గుర్తించి, దానిని ఏ సూచికల గొలుసు పట్టియున్నదో మొదటి కొక్కెమునుండి చివరివరకు చూపును. సవరించిన పిమ్మట మరల ఫోనును పదిసార్లు త్రిప్పి చూడవలెను. మెమరీ గీత పైకి లేచి, చెత్త తీయగానే మొదటి మట్టమునకు దిగుచున్నచో లీకు పోయినట్లే. ప్రతిసారియు కొంచెము పైననే ఆగుచున్నచో, మరియొక ఉత్తరీయము ఎచటనో మిగిలియున్నది.