తొట్టి, మగ్గు, సబ్బు: బోదకాలు జ్వరానికి కళ్ళెం
రోగులకు కాలు కడుక్కోవడం నేర్పుతున్న నర్సమ్మలు

(మా గ్రామీణ విలేకరి)

బోదకాలు ఒకసారి పట్టుకుంటే ఇక వదలదని, దానికి మందే లేదని పల్లెల్లో గట్టి నమ్మకం. ఈ నమ్మకంలో సగం నిజం ఉంది. బాగా ముదిరిన వాపు తీసి మళ్ళీ మామూలు కాలు కావడం కష్టమే. కాని ఆ కాలు ఇంకా లావెక్కకుండా, మాటిమాటికీ జ్వరం వచ్చి మంచాన పడకుండా చూసుకోవడం మాత్రం చాలావరకు రోగి చేతిలోనే ఉంది. ఇందుకు ఖరీదైన ఇంజక్షన్లు అక్కరలేదు. ఒక తొట్టి, ఒక మగ్గు, సబ్బు, మెత్తని తువ్వాలు ఉంటే చాలు. వాటిని వాడే పద్ధతి నేర్పుతున్నది ఆరోగ్య ఉపకేంద్రాల్లో పనిచేసే ఏ.ఎన్.ఎం.లు. పల్లె జనం నోట వీరే నర్సమ్మలు.

పాత శత్రువు

గోదావరి జిల్లాలకు ఈ జబ్బు కొత్త కాదు. మురుగు నీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ దీనిని మోసుకొస్తుంది. దేశంలో జాతీయ ఫైలేరియా నివారణ కార్యక్రమం 1955లో మొదలైంది. ఈ జబ్బుపై పరిశోధనకు, శిక్షణకు దేశంలో పెట్టిన మూడు కేంద్రాలలో ఒకటి రాజమండ్రికి వచ్చింది. మిగతా రెండూ కాలికట్, వారణాసిలకు వెళ్ళాయి. జబ్బు ఉన్న జిల్లాల్లో ఏడాదికోసారి అందరిచేతా డి.ఇ.సి. మాత్రలు మింగించే పనిని 2004లో పెద్ద ఎత్తున చేపట్టారు. తర్వాత ఆల్బెండజోల్ మాత్ర కూడా తోడైంది. 2027 నాటికి ఈ జబ్బును దేశం నుంచి తరిమివేయాలన్నది కేంద్ర ప్రభుత్వం పెట్టుకున్న లక్ష్యం.

మాత్రలు నెత్తురులో తిరిగే పురుగు పిల్లలను చంపుతాయి. అందువల్ల జబ్బు ఒకరినుంచి ఒకరికి పాకదు. అంటే మాత్ర రేపటి బోదకాలును ఆపుతుంది. మరి ఇప్పటికే వాచిన కాలు మాటేమిటి? నర్సమ్మల పాఠం మొదలయ్యేది అక్కడే.

జ్వరం ఎందుకొస్తుంది?

బోద జ్వరం అమావాస్యకు, పున్నానికి వస్తుందని కొందరు అంటారు. గాలి సోకిందని మరికొందరు అంటారు. అసలు సంగతి వేరు. పురుగులు ఒంట్లో లింఫు నాళాలలో ఏళ్ళ తరబడి కాపురముండి వాటిని పాడుచేస్తాయి. దాంతో కాలిలో నీరు నిలిచిపోతుంది. అలా వాచిన కాలికి సూక్ష్మక్రిములను ఎదుర్కొనే శక్తి తగ్గిపోతుంది. వేళ్ళ సందుల్లో చర్మం నాని చీలినా, గోరు పక్కన చిన్న గాయమైనా చాలు, క్రిములు లోపలికి పోతాయి. చలి, జ్వరం, గజ్జల్లో బిళ్ళ, కాలు ఎర్రబడి మంట. జ్వరం తగ్గినా కాలు మునుపటికంటే కొంత లావెక్కే ఉంటుంది. ఇలా వచ్చిన ప్రతి జ్వరమూ వాపును పెంచుతుంది.

కూలికి వెళితేగాని పొయ్యి వెలగని ఇంట్లో ఒక్కో జ్వరం ఖరీదు నాలుగైదు రోజుల కూలి. నాట్ల రోజుల్లో అయితే చెప్పనక్కరలేదు.

కడగడమూ ఒక విద్యే

'కాళ్ళు కడుక్కోవడం కూడా మాకు నేర్పాలా?' అని రోగులు మొదట నవ్వుతారు. నర్సమ్మ పీట వాల్చి కూర్చోబెట్టి, కాలిని తొట్టిలో పెట్టించి, తన చేత్తో ఒకసారి కడిగి చూపిస్తే ఆ నవ్వు ఆగిపోతుంది. సొంతవాళ్ళే ముట్టడానికి వెనకాడే కాలు అది.

పద్ధతి ఇదీ. మామూలు చన్నీళ్ళే వాడాలి, వేడినీళ్ళు పనికిరావు. సబ్బు చేతికి రాసుకుని మోకాలి దగ్గరనుంచి కిందికి నెమ్మదిగా రుద్దాలి. బ్రష్షు, పీచు వాడరాదు. వాచిన చర్మం మడతల్లోనూ, ప్రతి వేలి సందులోనూ కడగాలి. నురగ పోయి నీళ్ళు తేటగా వచ్చేదాకా పోయాలి. తర్వాత తువ్వాలుతో రుద్దకుండా అద్ది తడి ఆర్చాలి. 'పిన్నీ, తడి ఉన్నచోటే జ్వరం పుడుతుంది' అని నర్సమ్మ చెప్పేది ఇక్కడే. చీలికలుంటే ఇచ్చిన పూతమందు రాయాలి. కడగడం రోజుకు రెండుసార్లయితే మంచిది, ఒక్కసారైనా తప్పకూడదు. వాపు లేని రెండో కాలిని కూడా అలాగే చూసుకోవాలి.

కూర్చున్నప్పుడు కాలు ఎత్తుగా పెట్టుకోవాలి. రాత్రి మంచానికి కాళ్ళవైపు ఇటుకలు పెట్టి ఎత్తు చేసుకోవచ్చు. గుండెజబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడగనిదే ఈ పని చేయరాదు. నిలబడి మడమలు పైకెత్తి దించడం, పాదాన్ని గుండ్రంగా తిప్పడం వంటి చిన్న కసరత్తులు రోజూ చేయాలి. చెప్పులు వదులుగా, ఒరుసుకోకుండా ఉండాలి.

జ్వరం వచ్చిన రోజున కసరత్తు మానాలి. కాలికి చన్నీళ్ళ గుడ్డ వేసి, నీళ్ళు బాగా తాగి, విశ్రాంతి తీసుకుని ఆసుపత్రికి కబురు పెట్టాలి. ఆకు పసర్లు పూయడం, చర్మంపై గాట్లు పెట్టడం ప్రమాదం.

సిగ్గే పెద్ద అడ్డు

వాచిన కాలిని చీర కుచ్చెళ్ళ కింద దాచుకునే ఆడవాళ్ళు, వరిబీజాన్ని పంచె కింద దాచుకునే మగవాళ్ళు నర్సమ్మ కంట పడనే పడరు. వరిబీజం ఆపరేషన్‌తో నయమవుతుంది. ఆ సంగతి తెలియక ఏళ్ళ తరబడి బాధపడేవారున్నారు. కాలు బాగా వాచిన తర్వాత ఇతరులకు అంటుకుంటుందన్న భయం కూడా ఉంది. ముట్టుకుంటే, కలిసి తింటే ఈ జబ్బు రాదు. దోమ ద్వారానే వస్తుంది.

ఒకసారి చెబితే చాలదు

తొట్టి, మగ్గు, సబ్బు, తువ్వాలు, పూతమందు కలిపి రోగులకు కిట్లుగా పంచుతున్నారు. మంచిదే. కాని సబ్బు నెల తిరక్కుండానే అరిగిపోతుంది. తొట్టి ధాన్యం కొలవడానికో, బట్టలు నానబెట్టడానికో పోతుంది. నెల తర్వాత నర్సమ్మ మళ్ళీ గుమ్మంలోకి వచ్చి, 'ఏదీ, వేళ్ళ సందులు చూపించు' అని అడిగిన ఇంట్లోనే పాఠం నిలుస్తుంది. టీకాలు, గర్భిణుల లెక్కలు, రిజిస్టర్ల నడుమ ఆమెకు ఆ తీరిక దొరకాలి. ఇంట్లో మరొకరికి, కోడలికో మనవడికో, ఈ పద్ధతి నేర్పితే సగం భారం తగ్గుతుంది.

కిట్టు ఇచ్చినట్టు సంతకం తీసుకోవడంతో పని అయిపోదు. ఏడాదిలో ఆ రోగికి ఎన్నిసార్లు జ్వరం వచ్చిందో కూడా అధికారులు లెక్క రాయించాలి. ఆ అంకె తగ్గిందంటే నర్సమ్మ చెప్పిన పాఠం రోగికి అందినట్టే.