నర్సింగ్ లోన్, గల్ఫ్ ఉద్యోగం: సంతకం పెట్టే ముందు తెలుసుకోండి

సోంపేట: ఉద్దానంలో డయాలసిస్ అంటే తెలియని ఇల్లు తక్కువ. సోంపేట, కవిటి, పలాసల్లో డయాలసిస్ కేంద్రాలున్నాయి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అమ్మాయిని నర్సింగ్ చదివిస్తే ఇక్కడో, గల్ఫ్‌లోనో ఉద్యోగం దొరుకుతుందన్నది చాలామంది అమ్మీ-అబ్బాల ఆశ. ఆశ మంచిదే. కానీ ఉద్యోగం వచ్చేదాకా లోన్ ఆగదు.

కిస్తీ ఎప్పటి నుంచి?

సాధారణంగా కోర్సు కాలం, ఆపైన ఒక ఏడాది వరకు కిస్తీ కట్టక్కర్లేదు. వడ్డీ మాత్రం లోన్ ఇచ్చిన రోజు నుంచే పడుతుంది. ఉదాహరణకు నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌కు ఏటా లక్ష చొప్పున, 10 శాతం వడ్డీకి తీసుకున్నారనుకోండి. కిస్తీ మొదలయ్యే నాటికి వడ్డీయే 1.40 లక్షలవుతుంది. మొత్తం 5.40 లక్షలు పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 7,100 రూపాయలు కట్టాలి. చదివేటప్పుడే వడ్డీ కట్టేస్తూ వస్తే కిస్తీ 5,300 లోపే.

కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపుంటే, ఆ గడువు కాలపు వడ్డీని భరించే కేంద్ర పథకం ఉంది. కాలేజీకి, కోర్సుకి అర్హత ఉందా అని లోన్ తీసుకునేటప్పుడే బ్యాంకులో అడగాలి.

కిస్తీ 90 రోజులు దాటి ఆగితే ఖాతా మొండి బకాయి అవుతుంది. సహ రుణగ్రహీతగా సంతకం పెట్టిన తండ్రి సిబిల్ స్కోరు కూడా దెబ్బతింటుంది. ఉద్యోగం ఆలస్యమైతే మొహం చాటేయకుండా, ముందే బ్యాంకుకు వెళ్లి గడువు పెంచమని రాతపూర్వకంగా అడగడం మేలు.

గల్ఫ్ ఆఫర్ వస్తే?

కిస్తీ భయంలోనే ఏజెంట్ మాట తీయగా వినిపిస్తుంది. సౌదీ, కువైట్, ఖతర్ వంటి 18 దేశాలకు వెళ్లే నర్సుల నియామకాలపై 2015 నుంచి కేంద్రం నిబంధనలు బిగించింది. ఈ-మైగ్రేట్‌లో ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. మన రాష్ట్రంలో ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ ఉంది, ముందు అక్కడ అడగండి. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

జీతం, డ్యూటీ గంటలు, బాండ్ కాలం, మధ్యలో మానేస్తే కట్టాల్సిన సొమ్ము కాగితం మీద చూశాకే సంతకం పెట్టాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతిలోనూ వదలొద్దు. ఇక్కడైనా, అక్కడైనా రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కావాలి కనుక, ఫలితాలు రాగానే అది పూర్తి చేసుకోవాలి. కిస్తీకి ముందున్న ఆ ఒక్క ఏడాదీ చాలా విలువైనది.