జర్మన్ గడియారంలో ‘సగం మూడు’ అంటే రెండున్నర

జర్మనీలో ఉద్యోగ ఇంటర్వ్యూ ‘హాల్ప్ డ్రై’కి అని ఫోనులో చెప్పారనుకుందాం. ‘హాల్ప్’ అంటే సగం, ‘డ్రై’ అంటే మూడు. ఈ రెండు మాటలూ తెలిసిన తెలుగు అభ్యర్థి మూడున్నరకు చేరుకుంటే అప్పటికే గంట ఆలస్యం. ఆ మాటకు అర్థం రెండున్నర. బ్రిటన్ వాడుకలో ‘హాఫ్ త్రీ’ అంటే మూడున్నరే కావడంతో, ఇంగ్లిషు మీదుగా జర్మన్ నేర్చుకొనేవారు మరింత సులువుగా పొరబడతారు.

తెలుగు పూర్తయిన గంటలను లెక్కించి దానికి అరను చేరుస్తుంది. జర్మన్ నడుస్తున్న గంటను చూస్తుంది. రెండు దాటగానే మూడో గంట మొదలవుతుంది. అందులో సగం గడిస్తే ‘హాల్ప్ డ్రై’. ఈ దృష్టి తెలుగువారికి పరాయిదేమీ కాదు. రెండేళ్లు నిండిన బిడ్డకు ‘మూడో ఏడు నడుస్తోంది’ అనే అంటారు. వయసుకు వాడే ఆ లెక్కనే జర్మన్లు గడియారానికి వాడతారు.

ఈ సగం చుట్టూనే మరికొన్ని నిమిషాలు తిరుగుతాయి. 2:25ను ‘ఫ్యున్ఫ్ ఫోర్ హాల్ప్ డ్రై’ అంటారు, అంటే రెండున్నరకు అయిదు నిమిషాల ముందు. 2:35 అయితే ‘ఫోర్’ స్థానంలో ‘నాఖ్’ వస్తుంది. ‘ఫోర్’ అంటే ముందు, ‘నాఖ్’ అంటే తర్వాత.

పావు గంటల దగ్గర ప్రాంతాన్ని బట్టి మాట మారుతుంది. హాంబర్గ్, కొలోన్ వంటి చోట్ల 2:45ను ‘ఫియర్టెల్ ఫోర్ డ్రై’ అంటారు. అది అచ్చంగా మన ‘పావు తక్కువ మూడు’. తూర్పున సాక్సనీలోనూ, నైరుతిన స్టుట్‌గార్ట్ పరిసరాల్లోనూ అదే సమయం ‘డ్రై ఫియర్టెల్ డ్రై’, అంటే మూడో గంటలో ముప్పావు వంతు. అక్కడ ఉత్త ‘ఫియర్టెల్ డ్రై’ అంటే 2:15. హాంబర్గ్ నుంచి వెళ్లిన జర్మనే దీనికి తడబడటం కద్దు. విదేశీయుల సంగతి చెప్పనక్కరలేదు.

రైల్వే ప్రకటనలు, వార్తలు, కార్యాలయాల ఉత్తరాల్లో ఈ చిక్కు లేదు. అక్కడ 24 గంటల పద్ధతే: మధ్యాహ్నం రెండున్నర ‘ఫియర్ట్సేన్ ఊర్ డ్రైసిష్’, అంటే 14:30. అయితే ఇక్కడ అంకెలు పరీక్ష పెడతాయి. జర్మన్‌లో 45ను ‘అయిదూ నలభై’ అన్న వరుసలో పలుకుతారు. విన్నది విన్నట్టు రాసుకొంటే అది 54 అవుతుంది, రైలు వెళ్లిపోతుంది. రెండుకు ‘త్స్వై’, మూడుకు ‘డ్రై’ ఫోనులో ఒకేలా వినిపిస్తాయి గనుక రెండును చాలామంది ‘త్స్వో’ అని మార్చి పలుకుతారు. సందేహం కలిగినప్పుడు 24 గంటల పద్ధతిలో తిరిగి అడగడం అక్కడ అమర్యాద కాదు.

‘ఊర్’, ‘ష్టుండ’ అన్న రెండు మాటలకూ తెలుగులో గంట అనే అంటాం. రెండు గంటలకు రమ్మంటే ‘త్స్వై ఊర్’. రెండు గంటల సేపు ఆగమంటే ‘త్స్వై ష్టుండెన్’.

విశ్వవిద్యాలయాలకు వెళ్లే విద్యార్థులకు మరో లెక్క ఎదురవుతుంది. తరగతుల పట్టికలో 10 పక్కన ‘సి.టి.’ అని ఉంటే పాఠం 10:15కు మొదలవుతుంది. ‘సమయంతో కూడి’ అనే లాటిన్ మాటలకు అది సంక్షిప్త రూపం. ఆ పావు గంట పాత సంప్రదాయం. ‘ఎస్.టి.’ అని ఉంటే మాత్రం సరిగ్గా 10 గంటలకే మొదలు.