ఇరుసు మార్పుతో ముప్పే!

ద్వారకా నగర్ (విశాఖపట్నం): మలుపుల్లో పట్టు కోసం పాత జీపులకు స్పోర్ట్స్ కారు ఇరుసు, సస్పెన్షన్ అమర్చుకోవాలనుకునే వాహన ప్రియులు ముందుగా కొన్ని విషయాలు గమనించాలి. స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు ఆ కారు బరువుకు తగినట్లు రూపొందినవి. జీపు బరువు వేరు కనుక అవి సరిగా పనిచేయవు. ఇరుసు వెడల్పు మారితే స్టీరింగ్ అదుపు, ముందు వెనుక బ్రేకుల సమతూకం దెబ్బతింటాయి. ద్వారకా నగర్ ట్రాఫిక్‌లో నిదానంగా నడిపేటప్పుడు బయటపడని ఈ లోపం, అరకు ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ప్రాణాల మీదకు తేవచ్చు.

చట్టమూ అంగీకరించదు. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ పేర్కొంటోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనినే స్పష్టం చేసింది. అదే ఏడాది చేసిన సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పునకు రూ.5 వేల జరిమానా లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. విడిభాగాలు కొనకముందే రవాణా శాఖ కార్యాలయంలో విచారించుకోవడం శ్రేయస్కరం.