ఊరికి చెప్పిన మాట మన కొట్టులో చెల్లదా?

నరసరావుపేటలోనో మాచర్లలోనో పురుగుమందుల కొట్టు దగ్గర ఒక గంట నిలబడితే ఎన్నో మంచి సలహాలు వినబడతాయి. 'డబ్బా మీద ఎర్ర త్రికోణం ఉంది, ఉత్త చేత్తో కలపొద్దు.' 'రెండు మూడు మందులు ఒకేసారి కలిపి కొట్టొద్దు.' 'ఉన్న పొలమంతా మిర్చే వేయకు బాబాయ్, రెండెకరాలు కంది వెయ్యి.' వీటిలో తప్పేమీ లేదు. పల్నాటి రైతుకు అందరికన్నా దగ్గరగా ఉండే సలహాదారు కొట్టు యజమానే. అది గుర్తించే హైదరాబాద్‌లోని మేనేజ్ సంస్థ 2003లో ఇలాంటి డీలర్ల కోసం ఏడాది డిప్లొమా మొదలుపెట్టింది.

అయితే అదే యజమాని కారిన డబ్బాను ఉత్త చేత్తోనే తుడిచి, ఆ చేత్తోనే టిఫిను పొట్లం విప్పుతాడు. అప్పు పెరగనీయకని రైతుకు చెప్పి, తాను అరువుకు సరుకు తెచ్చి అరువుకే ఇస్తాడు. కౌలుకు పొలం పట్టి, అంతా మిర్చే వేసేవారూ ఉన్నారు. 2021-22లో నల్ల తామర పురుగు పూతలో చేరి మిర్చి చేలను ఊడ్చేసింది. మందుల మీద మందులు కొడితే మిత్రపురుగులు చచ్చి ఇది ఇంకా పెరుగుతుందని, నీలిరంగు జిగురు అట్టలు పెట్టమని శాస్త్రవేత్తలు చెప్పారు. అలాంటి ఏడు రైతు బాకీ కట్టలేడు, పైవాడు తన బాకీ వదలడు. కొట్టూ చేనూ రెండూ ఒకే పంటను నమ్ముకున్న ఇల్లు ఏమవుతుందో మన సంఘాల్లో చాలామందికి తెలుసు.

ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్టిలో పడిందని మన పెద్దలు నవ్వేవారు. యూదుల్లోనూ ఇలాంటి సామెత ఉండేది. వైద్యుడు ముందు తన జబ్బు నయం చేసుకోవాలన్న ఆ సామెతను యేసుప్రభువు నజరేతులో ప్రస్తావించారు (లూకా 4:23). ఎవరినో ఎగతాళి చేయడానికి కాదు, సొంత ఊరివాళ్లు తనమీదే దాన్ని విసురుతారని ఆయనకు తెలుసు.

ఇలాంటి వ్యాపారులను మనం తేలిగ్గా వేషధారులనేస్తాం. మాకు అది సరిగా తోచదు. శాస్త్రులు, పరిసయ్యులు చెప్పినది పాటించమనీ, వారి నడతను మాత్రం అనుసరించవద్దనీ ప్రభువు అన్నారు (మత్తయి 23:3). అంటే పాటించని నోటి నుంచి వచ్చినా మంచి సలహా మంచిదే. ఇక సొలొమోను సంగతి చూడండి. పరస్త్రీల విషయంలో జాగ్రత్త అని అంతగా బోధించినవాడి హృదయాన్ని చివరికి అన్యదేశపు భార్యలే తిప్పేశారు (1 రాజులు 11). తెలియక కాదు కదా!

పక్కవాడి చేను విషయంలో మనం గట్టు మీద నిలబడి మాట్లాడతాం. సొంత కొట్టులో పిల్లల ఫీజు ఉంటుంది, డిస్ట్రిబ్యూటరు ఫోను ఉంటుంది, ఎదురు కొట్టువాడు అరువిస్తుంటే బేరం పోతుందన్న భయం ఉంటుంది. ఆ భయాన్ని డిప్లొమా తీసేయలేదు. చర్చిలో మనం వ్యాపారం మీద ఆశీర్వాదం అడుగుతాం గాని, బాకీల పుస్తకం గురించి ఎప్పుడైనా ప్రార్థన చేయించుకున్నామా?

మోషే ఉదయం నుంచి సాయంత్రం దాకా జనుల తగవులు తీరుస్తూ కూర్చునేవాడు. ఇశ్రాయేలంతా సలహా కోసం వచ్చేది ఆయన దగ్గరికే. ఇలాగైతే తానూ జనమూ నలిగిపోతామని మాత్రం ఆయనకు తట్టలేదు. మిద్యాను నుంచి వచ్చిన మామ యిత్రో ఆ పద్ధతి చూసి, అంతా ఒక్కడివే ఎందుకు నెత్తికెత్తుకున్నావని అడిగాడు (నిర్గమకాండము 18).

మన సంఘాల్లో కొట్లు నడిపేవారు, లెక్కలు రాసేవారు, బ్యాంకుల్లో పనిచేసేవారు ఉన్నారు. గురజాల సోదరుడు ఏడాదికోసారి తన ఖాతా పుస్తకాన్ని పిడుగురాళ్ల సోదరుడి ముందు పెట్టవచ్చు. ఊరు వేరు, బేరం వేరు కాబట్టి పోటీ ఉండదు. పరువు పోతుందన్న బెరుకు ఉంటుంది, నిజమే. మందు కలిపేటప్పుడు తొడుగు వేసుకుంటున్నావా అని కూడా ఆయన అడగాలి. మోషే మామను ఎదురు ప్రశ్నించలేదు. చెప్పినట్టే చేసి, ఆయనను సాగనంపాడు. యిత్రో తన దేశానికి వెళ్లిపోయాడు.